ఐదు పాయింట్ అరవై రెండు

డిపో గోడకు నల్లబోర్డు.
పొద్దుగాల నాలుగున్నరకు సుద్దముక్కతో రాస్తరు
ఎవరి బండి లీటరుకు ఎంత నడిచిందో.
డ్రైవర్లంతా చాయ్ గ్లాసుల మీంచి ఓరగా చూస్తరు,
పదో తరగతి రిజల్ట్ వచ్చినట్టు,
చూడనే లేదన్నట్టు.

సారంగపాణి అన్న పేరు పక్కన
ఐదు పాయింట్ అరవై రెండు.
మిగిలినోళ్లది ఐదుంబావు దాటితే గొప్ప.

నేను ఆ బండి కండక్టర్ను.
హన్మకొండ నుంచి ఏటూరునాగారం,
మళ్ల ఏటూరునాగారం నుంచి హన్మకొండ.
ఆడోళ్లకు జీరో టికెట్లు, మొగోళ్లతో చిల్లర పంచాది,
ఇవి చాలవా నాకు?
డీజిల్ సంగతి నాకెందుకనుకున్న, మొదట్ల.

ఆయన నడుపుతుంటే
కాలు పెడలు మీద ఉన్నదా లేదా అన్నట్టుంటది.
మల్లంపల్లి దాటినంక
దూరాన బర్ల మంద కనబడంగనే
పాదం లేస్తది, మెల్లగ,
నిద్రపోయిన పసిపిల్ల తల కింది నుంచి
చెయ్యి తీసినట్టు.
మేం పోయేసరికి ఆఖరి దూడ రోడ్డు దిగుతది.
బండి ఆగదు. బ్రేకు ఊసే లేదు.

"ఉరికిచ్చుడెందుకు, గుంజి ఆపుడెందుకు చెల్లే?
బ్రేకు తొక్కినప్పుడల్లా
కొన్న డీజిల్ రోడ్డు మీద పారబోసినట్టే."

గట్టమ్మ కాడ కొబ్బరికాయ కొట్టేదాక ఇంజన్ బంద్.
"చెమటకు చస్తున్నం, జెర స్టార్ట్ చెయ్యరాదే" అని
వెనక సీటు పోరగాళ్లు ఒర్రుతరు.
"ఇంజన్ నడిస్తే గాలి వస్తదా బిడ్డా,
కిటికీ తెరువు" అంటడు.
ఆ కిటికీ ఎన్నడూ తెరుచుకోదు, అది వేరే ముచ్చట.

ఆయన లీవు పెట్టిన వారం
వేరే పిలగాడు వచ్చిండు, మంచోడే,
కాని ప్రతి స్టేజీ నుంచి తూటా లెక్క లేస్తడు,
ప్రతి స్టేజీల ముక్కు నేలకు రాస్తడు.
నా భుజం సీటు కడ్డీకి కొట్టుకున్నప్పుడు
నాకు మొదటిసారి వినబడ్డది
డీజిల్ తాగుతున్న చప్పుడు.
బోర్డు మీద నాలుగు పాయింట్ తొంబై.

ఆ రాత్రి టికెట్ మిషన్ పక్కన పెట్టి
చార్ట్ వెనక లెక్క చేసిన:
రెండు వందల కిలోమీటర్లకు ఐదు లీటర్ల తేడా.
ఐదు లీటర్లు అంటే ఒక డబ్బా.
ఏ సముద్రం అవుతలి ఇసుక కింది నుంచో తోడి
ఓడెక్కి, రైలెక్కి, ట్యాంకరెక్కి
మన డిపో దాక వచ్చిన డబ్బా.
అక్కడ ఎవలో ఎవలతోనో కొట్లాడితే
ఇక్కడ మడికొండల టమాట రేటు పెరుగుతది.
ఆ డబ్బాను మేం
గోవిందరావుపేట మూలమలుపుల ఒలకబోసినం.

అప్పటి సంది ఇంట్ల నా గోస వేరే.
పప్పు రెండో విజిల్‌కే పొయ్యి బంద్ చేస్త,
మిగిలింది ఆవిరే ఉడికిస్తది.
మేనల్లుడు ఉద్దవ్ మూడిండ్ల అవతలి కిరాణానికి
బండి కిక్ కొడితే తాళంచెవి దాస్త.
"అత్తకు కేఎంపీఎల్ దయ్యం పట్టింది" అంటడు.
పట్టింది. ఐనా అబద్ధం చెప్పను,
తొలి డ్యూటీకి ఆలస్యమైన నాడు
నేనూ స్కూటీ చెవి మెలిపెడత.

బోర్డును తెల్లారి తడిగుడ్డతో తుడుస్తరు.
నిన్నటి అరవై రెండు సుద్దనీళ్లయి
బకెట్లకు కారుతది.
ఒకసారడిగిన: "గింత కష్టానికి ఏమొస్తదన్నా?"
"కష్టమెక్కడిది? నేను తొక్కకపోవుడే కదా!" అన్నడు.

నిన్న రాత్రి ఆఖరి ట్రిప్పు.
తాడ్వాయి అడవిల దిగుడు.
గేరు తియ్యడు, న్యూట్రల్ చేసుడు
దొంగలెక్క, ప్రాణం మీదికొస్తదంటడు.
ఉత్తగ పాదం లేపిండు.
ఇంజన్ గొంతు తగ్గింది.
టైర్ల కింద వానరోడ్డు, కిటికీల కీచురాళ్లు,
ఎక్కడి నుంచో ఇప్పపూల పులుపు వాసన.

మూడో సీట్ల అవ్వ ఉలికిపడి లేచింది:
"బస్సాగిందా బిడ్డా?"

"లేదవ్వా," అన్న.
"నడుస్తనే ఉన్నది."